మొదటి మెటల్ డిటెక్టర్ కొనేముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల మట్టిలో పడిపోయిన నాణేలూ నగలూ వెతికే మెటల్ డిటెక్టింగ్ హాబీ గురించి నాలుగు ముక్కలు రాశాక చాలా ఉత్తరాలొచ్చాయి, అమెరికా నుంచి, ఇంగ్లండ్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి, మన ఊళ్ళ నుంచి కూడా. "ఏది కొనాలి" అని కొందరు, "ఎంత లోతు చూపిస్తుంది" అని ఎక్కువ మంది. ఈ లోతు అనే మాటే కొత్తవాళ్ళ డబ్బులన్నీ తినేస్తోందని నాకు గట్టిగా అనిపిస్తోంది, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే పెట్టేశా.

మా బాబుకి పన్నెండేళ్ళు. యూట్యూబ్‌లో చూసి మెటల్ డిటెక్టర్ కావాలని ఒకటే గొడవ. అమెజాన్‌లో యాభై డాలర్లవీ ఉన్నాయి, ఐదొందలవీ ఉన్నాయి. మా బడ్జెట్ మూడొందలు. ఏది తీసుకోమంటారు? — ఓ అమ్మ, ఫ్రిస్కో, టెక్సస్

యాభై డాలర్లది మాత్రం వద్దమ్మా. అది కుయ్‌మంటుంది కానీ కింద ఉన్నది మేకా, నాణెమా, కోక్ టిన్ను ముక్కా అనేది చెప్పదు, పిల్లాడు పది గోతులు తవ్వి పది మేకులు తీసి వారంలో దాన్ని గరాజ్‌లో పడేస్తాడు. హాబీ నచ్చక కాదు, ఆ వస్తువు వాడికి ఏమీ నేర్పించలేక.

రెండొందల నుంచి మూడొందల డాలర్ల మధ్య ఇప్పుడు నిజంగా మంచివి దొరుకుతున్నాయి. మీ టెక్సస్ కంపెనీ గారెట్ వాళ్ళ ఏస్ సిరీస్ ఉంది, ఏస్ 300లో టార్గెట్ ఐడీ నంబర్ వస్తుంది (కింద ఉన్నది ఏ రకం లోహమో అంచనా చెప్పే అంకె), వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే పిన్‌పాయింట్ బటన్ ఉంటుంది, మామూలు డబుల్ ఏ బ్యాటరీలు నాలుగు వేస్తే చాలు. ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ వాళ్ళది వాంక్విష్ 340 ఉంది, ఈ రేటులో కూడా ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపుతుంది, కాకపోతే పిన్‌పాయింట్ మోడ్ లేదు. టర్కీ వాళ్ళది నోక్టా సింప్లెక్స్ ఉంది, ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ, నీళ్ళలో ముంచినా ఏం కాదు, చెరువు గట్లూ బీచ్‌లూ తిరిగే పిల్లలకి అది పెద్ద సుఖం. నోక్టాలోనే చిన్నపిల్లల కోసం మినీ హోర్డ్, మిడీ హోర్డ్ అని విడిగా ఉన్నాయి గానీ పన్నెండేళ్ళంటే పొడవు తగ్గించుకునే పెద్దవాళ్ళదే ఇప్పించండి, నాలుగేళ్ళ తర్వాత కూడా పనికొస్తుంది.

ఇంకో మాట, ఉన్న డబ్బులన్నీ డిటెక్టర్ మీదే పెట్టొద్దు. పిన్‌పాయింటర్ అని చేతిలో పట్టుకునే చిన్న కడ్డీ లాంటిది ఉంటుంది, గోయి తీశాక మట్టిలో నాణెం ఎక్కడుందో చూపిస్తుంది. అది లేకపోతే అరగంట మట్టి పిసుక్కోవాలి, ఉంటే రెండు నిమిషాలు. కొంచెం తక్కువ రకం డిటెక్టర్ తీసుకుని అయినా సరే మిగిలినదానితో ఇది కొనండి. ఒక చిన్న తాపీ, ఒక జత హెడ్‌ఫోన్స్, చాలు. మొదట మీ బ్యాక్‌యార్డ్‌లోనే ఒక క్వార్టర్ (పాతిక సెంట్ల నాణెం), ఒక నికెల్ (ఐదు సెంట్లది), ఒక మేకు, ఒక టిన్ను రింగు వేరువేరు లోతుల్లో పాతిపెట్టి ఏది ఎలా మోగుతుందో వాణ్ణి రాసుకోమనండి. పార్కుకి వెళ్ళేముందు మీ సిటీ పార్క్స్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి రూల్ కనుక్కోండి, ఒక్కో సిటీది ఒక్కో రూలు. నేషనల్ పార్కుల్లో అయితే వాడటమే కాదు, బయటికి తీసి పట్టుకుని తిరగడం కూడా నిషేధమే.

సార్, నేను బీటెక్ ఈసీఈ. ఒక రివ్యూలో 12 కిలోహెర్ట్జ్ బెస్ట్ అంటారు, ఇంకోదాంట్లో మల్టీ ఫ్రీక్వెన్సీ లేకపోతే దండగ అంటారు. డబ్బులు రెట్టింపు పెడితే లోతు రెట్టింపు వస్తుందా? అసలు తెలిసినవాళ్ళు చవక డిటెక్టర్‌లో ఏం చూస్తారు? — ఓ స్టూడెంట్, హైదరాబాద్

రాదు. ఎందుకు రాదో నీకు ఇట్టే అర్థమవుతుంది తమ్ముడూ. డిటెక్టర్ కింది చక్రంలో ఉండే తీగచుట్టే కాయిల్. అందులో ట్రాన్స్‌మిట్ కాయిల్ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం పంపుతుంది, అది తగిలి లోహంలో ఎడ్డీ కరెంట్లు, అంటే సుడులు తిరిగే కరెంట్లు పుడతాయి, అవి తిరిగి ఇంకో చిన్న క్షేత్రం పుట్టిస్తాయి, దాన్ని రిసీవ్ కాయిల్ పట్టుకుంటుంది. కాయిల్ సైజుకి మించి దూరం పోయాక క్షేత్రం బలం వెళ్ళేటప్పుడు దూరం ఘనానికి తగ్గుతుంది, వచ్చేటప్పుడు మళ్ళీ ఘనానికి తగ్గుతుంది, అంటే మొత్తం ఆరో ఘాతం. నాణెం రెట్టింపు లోతులో ఉంటే సిగ్నల్ అరవై నాలుగో వంతు అయిపోతుందన్నమాట! ఏ కంపెనీ వాడైనా ఈ ఫిజిక్స్‌తో బేరం ఆడలేడు. అందుకే మూడొందల డాలర్లదీ పన్నెండొందలదీ ఒకే నాణెం మీద పెడితే తేడా రెండు మూడు అంగుళాల్లోనే ఉంటుంది, మామూలు మట్టిలో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల్లో ఉన్న నాణేన్ని చవకది కూడా పట్టుకుంటుంది.

మరి తెలిసినవాళ్ళు చూసేది ఏంటంటే, మేకు పక్కనే నాణెం ఉంటే రెండూ విడివిడిగా మోగుతాయా లేదా అనేది. దీన్నే రికవరీ స్పీడ్ అంటారు. పాత ఊరి మట్టి అంటేనే ఇనుప ముక్కలు, ఆ ఇనుము మీద ఒకసారి మోగి మళ్ళీ తేరుకునేలోపు కాయిల్ నాణెం దాటిపోయిందంటే అది ఇంకో వందేళ్ళు అక్కడే ఉంటుంది. ఇది కొత్త బాధేం కాదు. 1881లో అమెరికా ప్రెసిడెంట్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు ఒంట్లో ఉన్న బుల్లెట్ ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఇండక్షన్ మీద పనిచేసే మెషిన్ పట్టుకుని వెళ్ళాడు, దొరకలేదు. మంచం స్టీలు స్ప్రింగులు సిగ్నల్‌ని పాడుచేశాయని చెప్తారు, బుల్లెట్ వాళ్ళనుకున్నచోట కాకుండా లోతుగా ఇంకోచోట ఉంది. పక్కన ఇనుముంటే ఎంత గొప్పవాడైనా ఇంతే.

తర్వాత చూసేది నంబర్ నిలకడ. ఒకే నాణెం మీద నాలుగు వైపుల నుంచి తిప్పితే 78, 79, 78 అని వస్తే అది మంచి మెషిన్, 40 నుంచి 80 దాకా గంతులేస్తే దాన్ని నమ్మి గునపం ఎత్తలేం. ఆ తర్వాత గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే మట్టిలో ఉన్న ఇనుప ఖనిజాల గోలని తీసేసే సౌకర్యం. ఏస్ లాంటి వాటిలో అది ఫ్యాక్టరీలోనే ఫిక్స్ చేసి పంపుతారు, టెక్సస్ పార్కుకి అది చాలు, ఎర్రమట్టికి చాలదు. సింప్లెక్స్‌లో మనమే సరిచేసుకోవచ్చు. బరువు కూడా చూడు, ఇవన్నీ కిలోంబావు అటూ ఇటూ ఉంటాయి, కాగితం మీద తక్కువే కానీ చెయ్యి చాచి మూడు గంటలు ఊపితే భుజానికి తెలుస్తుంది, అందుకే బరువు మోచేతి వైపు ఉందా కాయిల్ వైపు ఉందా అనేది కూడా అడుగుతారు.

ఫ్రీక్వెన్సీ సంగతికొస్తే, తక్కువ ఫ్రీక్వెన్సీకి పెద్ద వెండి నాణేలు బాగా దొరుకుతాయి, ఎక్కువ ఫ్రీక్వెన్సీకి చిన్న బంగారం ముక్కలు. 10 నుంచి 15 కిలోహెర్ట్జ్ మధ్యలో ఒక్కటే ఉన్నా పొలాల్లో పార్కుల్లో ఏ లోటూ ఉండదు. మల్టీ తప్పనిసరి అయ్యేది సముద్రం తడి ఇసకలో, ఉప్పునీళ్ళే కరెంటుని మోస్తాయి కదా, సింగిల్ ఫ్రీక్వెన్సీది అక్కడ ఊరికే అరుస్తూ ఉంటుంది. బీచ్‌కి వెళ్తావా, మల్టీ తీసుకో. వెళ్ళవా, ఆ డబ్బులు మిగుల్చుకో.

న్యూజెర్సీలో వీకెండ్ పార్కులకి వెళ్తున్నా, దొరికేదంతా టిన్నుల రింగులు, రేకు ముక్కలు. డిస్క్రిమినేషన్ (అక్కర్లేని లోహాలకి మోగకుండా ఆపే సెట్టింగ్) పెంచేస్తే ప్రశాంతంగా ఉంది కానీ ఇప్పుడు ఏమీ దొరకట్లేదు. ఏం చెయ్యాలి? — ఎడిసన్

పెంచేశారు కాబట్టే దొరకట్లేదు. డిటెక్టర్‌కి బంగారం అని తెలియదండీ, కరెంటు ఎంత బాగా మోస్తుంది, ఎంత సైజు అనేదే తెలుసు. చిన్న అల్యూమినియం రింగూ చిన్న బంగారు ఉంగరమూ అక్కడ దాదాపు ఒకే నంబర్ దగ్గర కూర్చుంటాయి, మీ ఐదు సెంట్ల నికెల్ కూడా ఆ చుట్టుపక్కలే. అల్యూమినియం వద్దు అని నొక్కేశారంటే బంగారం కూడా వద్దు అని నొక్కినట్టే. ఇనుము ఒక్కటే ఆపండి, మిగతావన్నీ వినండి.

చెత్త తగ్గించుకోవాలంటే సెట్టింగ్ కాదు, చోటు మార్చండి. పిక్నిక్ బల్లల చుట్టూ కాకుండా పాత చెట్ల కింద, పాత బడి గ్రౌండ్ అంచుల్లో, అదీ పర్మిషన్ ఉన్నచోట. అమెరికాలో 1964 దాకా వచ్చిన డైమ్‌లు (పది సెంట్ల నాణేలు), క్వార్టర్లు తొంభై శాతం వెండి, అవి పైన నంబర్లలో గట్టిగా మోగుతాయి, రింగులతో కలవవు. ముందు వాటి మీద చెవి కుదిరితే తర్వాత మధ్య నంబర్లు తవ్వే ఓపిక అదే వస్తుంది. ఇంకా, తీసిన చెత్త మళ్ళీ గోతిలో వెయ్యకండి, సంచీలో వేసుకుని డస్ట్‌బిన్‌లో పడెయ్యండి, గడ్డి పెళ్ళ మళ్ళీ అతికించి కాలితో నొక్కండి. గోతులు వదిలేసినవాళ్ళ వల్లే చాలా పార్కులు ఈ హాబీని మూసేస్తున్నాయి.

మేం ఇంగ్లండ్ వచ్చి రెండేళ్ళయింది. ఇక్కడ చవక మెషిన్‌తో నిధి దొరికినవాళ్ళున్నారంటే నిజమేనా? దొరికితే మనదేనా? — స్లౌ

నిజమే, అదీ మామూలుగా కాదు. 2009 జులైలో స్టాఫర్డ్‌షైర్‌లో హామర్‌విచ్ దగ్గర పొలంలో టెర్రీ హెర్బర్ట్ అనే ఆయనకి ఆంగ్లో శాక్సన్ కాలం నాటి బంగారం గుట్ట దొరికింది, దాని విలువ 32 లక్షల 85 వేల పౌండ్లు అని కట్టారు. ఆయన వాడిన డిటెక్టర్ సెకండ్ హ్యాండ్‌ది, రెండున్నర పౌండ్లకి కొన్నానని చెప్పాడు. చవకది పనికిరాదు అనేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, ఆయన సరైన పొలంలో పర్మిషన్‌తో నిలబడ్డాడు, మిగతాది కాయిల్ చేసుకుంది. ఆ డబ్బు పొలం ఆసామికీ ఆయనకీ చెరిసగం.

దొరికితే మనదే అనుకుని ఇంటికి తెచ్చుకోవడానికి మాత్రం లేదు. 1996 ట్రెజర్ యాక్ట్ ప్రకారం 300 ఏళ్ళు దాటి, పది శాతం పైన బంగారమో వెండో ఉన్న వస్తువు, అలాగే పాత నాణేల గుంపు, ఇవన్నీ ట్రెజర్ కిందకొస్తాయి. 2023 నుంచి లోహం ఏదైనా చారిత్రకంగా ముఖ్యమైనదైతే 200 ఏళ్ళవి కూడా కలిపారు. దొరికిన 14 రోజుల్లో కరోనర్‌కి, అంటే ఇలాంటి నిధుల మీద విచారణ చేసే స్థానిక అధికారికి తెలియజెయ్యాలి. భయపడే పనేం లేదు, మీ కౌంటీలో ఫైండ్స్ లియేజాన్ ఆఫీసర్ అని ఉంటారు, వాళ్ళకి చూపిస్తే దారి చెప్తారు, మ్యూజియం తీసుకుంటే విలువ కట్టి డబ్బిస్తారు. స్కాట్లండ్‌లో రూలు వేరు, అక్కడ పాత వస్తువు ఏది దొరికినా చెప్పాల్సిందే.

మీరు మొదట చేయాల్సింది రైతు దగ్గరికి వెళ్ళి కాగితం మీద పర్మిషన్ రాయించుకోవడం, దొరికితే ఎవరికెంత అనేది కూడా అప్పుడే రాసుకోవడం. షెడ్యూల్డ్ మాన్యుమెంట్లలో (ప్రభుత్వ రక్షణ జాబితాలో ఉన్న చారిత్రక స్థలాల్లో) లైసెన్స్ లేకుండా డిటెక్టర్ వాడటమే నేరం, లండన్‌లో థేమ్స్ ఒడ్డున వెతకాలన్నా పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ ఉండాలి. నేషనల్ కౌన్సిల్ ఫర్ మెటల్ డిటెక్టింగ్‌లో సభ్యత్వం తీసుకుంటే ఇన్సూరెన్స్ కూడా వస్తుంది, రైతులు అది ఉందా అని అడుగుతారు. యుద్ధం నాటి బాంబు లాంటిది ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకి ఫోన్ చెయ్యండి.

మా పాత చేలో నిధి ఉందని పెద్దలు చెప్తారు. ఒకాయన వచ్చి రెండు కడ్డీలు, యాంటెన్నా ఉన్న గోల్డ్ స్కానర్ చూపించాడు, వంద మీటర్ల దూరం నుంచే బంగారం చెప్తుందంట, మూడు లక్షలకి ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? — పల్నాడు జిల్లా

వద్దు. అప్పుచేసి అసలే వద్దు. ఈ ఉత్తరం చదివి నాకు చాలా బాధేసింది, ఎందుకంటే మీలాగా అడిగేవాళ్ళు ఒకరైతే అడక్కుండా కొనేసేవాళ్ళు ఎంతమందో.

పైన రాసిన లెక్క చూడండి, నాణెం అర మీటరు లోతులో ఉంటేనే మంచి డిటెక్టర్‌కి దొరకదు, అలాంటిది వంద మీటర్ల అవతల నుంచి బంగారాన్ని మాత్రమే పట్టుకునే యంత్రం లేదు, ఏ దేశంలోనూ లేదు. ఆ కడ్డీలు తిరిగేది చేతి మణికట్టు మనకే తెలియకుండా కొంచెం వంగడం వల్ల, పట్టుకున్నవాడు ఎక్కడ ఉందనుకుంటే అక్కడే తిరుగుతాయి. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని బోరు పాయింట్ చెప్పడం చూసే ఉంటారు, అందులో ఉన్నదీ ఇదే. యాంటెన్నా తగిలించి ఇరాక్‌కి బాంబులు కనిపెట్టే యంత్రమని ఏడీఈ 651 అని అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్ అనే బ్రిటిష్ వ్యాపారికి 2013లో పదేళ్ళ జైలు పడింది, లోపల పనిచేసేది ఏమీ లేదు, గోల్ఫ్ బంతులు వెతకడానికని అమ్మే బొమ్మలాంటి వస్తువే దానికి మూలం. దాన్ని నమ్మి చెక్‌పోస్టుల్లో నిలబెట్టారు, ప్రాణాలు పోయాయి.

మీ దగ్గరికొచ్చిన ఆ స్కానర్ ఆయన మళ్ళీ వస్తే ఒక పరీక్ష పెట్టండి. పది బక్కెట్లు బోర్లించి ఒకదాని కింద ఉంగరం పెట్టండి, పెట్టినవాళ్ళు అక్కడి నుంచి వెళ్ళిపోవాలి, ఆయనకి గానీ పక్కన నిలబడ్డవాళ్ళకి గానీ ఏ బక్కెట్టో తెలియకూడదు. అలా పదిసార్లు చెయ్యమనండి. ఒప్పుకోడు, "ఉంగరానికి పనిచెయ్యదు, పాతకాలం బంగారానికే" అంటాడు, అక్కడే తెలిసిపోతుంది.

చట్టం కూడా చెప్తా వినండి. సొంత పొలమైనా సరే, 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి, దాచిపెడితే ఏడాది దాకా జైలు. చెప్పినవాళ్ళకి నష్టమేం లేదు, సొంతదారు ఎవరూ తేలకపోతే దొరికినవాళ్ళకీ భూమి ఆసామికీ వాటాలున్నాయి, ప్రభుత్వం తీసుకుంటే విలువ కట్టి ఇవ్వాలి. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న బిందె బయటపడింది, అధికారులు వచ్చి పంచనామా చేసి స్వాధీనం చేసుకున్నారు. గుడి, కోట, శాసనం ఉన్నచోట మాత్రం పొరపాటున కూడా గునపం వెయ్యకండి. గుప్త నిధుల పేరుతో మన దగ్గర ఎన్ని పాత గుళ్ళ గర్భాలయాలు తవ్విపోశారో తల్చుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది, విగ్రహం పగిలాక మళ్ళీ ఎవడూ అతికించలేడు.

మెల్‌బోర్న్‌లో ఉంటాం. చవక డిటెక్టర్‌తో బంగారం దొరుకుతుందా?

దొరుకుతుంది, మీరున్నది సరైన రాష్ట్రం. విక్టోరియాలో మైనర్స్ రైట్ అని పర్మిట్ ఉంటుంది, తక్కువ ఫీజే, పదేళ్ళు చెల్లుతుంది, అది తీసుకుని బల్లారట్, బెండిగో వైపు అనుమతి ఉన్న ప్రభుత్వ భూముల్లో వెతకొచ్చు. 2023లో అక్కడే ఒకాయనకి నాలుగు కిలోల ఆరొందల గ్రాముల రాయి దొరికింది, అందులో రెండు కిలోల ఆరొందల గ్రాముల బంగారం, వాడింది ఖరీదైన గోల్డ్ మెషిన్ కాదు, మామూలు బడ్జెట్‌దే. కానీ అక్కడి మట్టిలో ఇనుము ఎక్కువ కాబట్టి గ్రౌండ్ బ్యాలెన్స్ మనం సరిచేసుకోగలిగేదే కొనండి, ఫిక్స్‌డ్ అయితే రోజంతా అరుపులు వినడమే.

తొలకరి పడగానే మా జొన్నగిరి, తుగ్గలి వైపు వజ్రాలకి జనం వస్తారు. డిటెక్టర్‌తో వజ్రం దొరుకుతుందా? — కర్నూలు జిల్లా

దొరకదు అన్నా. వజ్రం కార్బన్, కరెంటు మొయ్యదు, డిటెక్టర్‌కి అది గులకరాయితో సమానం. పైగా ఆ ఎర్రమట్టికి చవకది గోలపెడుతుంది. వానకి కడిగిన నేల మీద ఎండ ఏటవాలుగా పడేటప్పుడు కళ్ళతో చూసేవాళ్ళకే అక్కడ దొరుకుతున్నాయి.

నాట్లప్పుడు పొలంలో మా అమ్మ చెవి కమ్మ ఒకటి పడిపోయింది. దీనికోసం డిటెక్టర్ కొనాలా? — పశ్చిమ గోదావరి

కొనక్కర్లేదు, ఎవరి దగ్గరైనా ఉంటే ఓ పూట అడిగి తెచ్చుకోండి. షాపింగ్ మాల్ గేటు దగ్గర తడిమే కడ్డీ తెస్తే మాత్రం లాభం లేదు, అది మనుషుల్ని తనిఖీ చెయ్యడానికి, మట్టికి కాదు. పోయిన వస్తువు వెతకడం ఈ హాబీలో అన్నిటికన్నా మంచి పని అని నా అభిప్రాయం. 1992లో ఇంగ్లండ్‌లో హాక్స్‌న్ అనే ఊళ్ళో ఒక రైతు సుత్తి పోతే ఎరిక్ లాస్ అనే స్నేహితుడు డిటెక్టర్‌తో వెతకబోయాడు, పద్నాలుగు వేల పైచిలుకు రోమన్ నాణేలు బయటపడ్డాయి. ఆయన అంతా తవ్వెయ్యకుండా ఆపి అధికారులకి కబురు చేశాడు, అందువల్లే ఆర్కియాలజిస్టులు ఏది ఏ పెట్టెలో ఎలా సర్ది ఉందో కూడా చూడగలిగారు. సుత్తి కూడా దొరికింది.

ఇక మీ పని సంగతికొస్తే, కోత అయ్యి నీళ్ళు పూర్తిగా తీసేసి నేల గట్టిపడ్డాక వెతకండి, బురదలో కాదు. రెండో కమ్మ ఉంది కదా, దాన్ని దారానికి కట్టి నేల మీద పెట్టి దాని మీద కాయిల్ ఊపి ఏ నంబర్ వస్తుందో, ఎలా మోగుతుందో రాసుకోండి, చిన్న బంగారం కాబట్టి కింది నంబర్లలోనే వస్తుంది, అందుకని డిస్క్రిమినేషన్ పూర్తిగా తీసెయ్యండి. తర్వాత అమ్మ నాటు వేసిన చోటు తాళ్ళతో గజం వెడల్పు పట్టీలుగా కట్టుకుని కాయిల్ నేలకి ఆనీ ఆనకుండా నెమ్మదిగా ఊపుతూ, ఒక ఊపు మీద ఇంకో ఊపు సగం పడేలా ముందుకెళ్ళండి. దమ్ము చేసిన నేల కాబట్టి కమ్మ కొంచెం కిందికి దిగి ఉండొచ్చు, కానీ నాలుగైదు అంగుళాల్లోపు ఉంటే ఆశ ఉంది. మళ్ళీ దుక్కి దున్నేలోపే ఈ పని పెట్టుకోండి.